డక్టులో చాటింపు

మా పుష్పగిరి రెసిడెన్సీలో లిఫ్టు కన్నా ముందు పై అంతస్తుకు చేరేది ఇందిరమ్మ గొంతు.

శంషాబాద్ పాత బస్టాండు వెనక సందులో ఐదంతస్తుల అపార్టుమెంటు మాది. అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు. ఒకవైపు విమానాశ్రయంలో ఉద్యోగాలకు శిక్షణ ఇచ్చే సంస్థ అమ్మాయిల హాస్టలు, మరోవైపు ఇడ్లీ బండి, ఎదురుగా సెల్‌ఫోన్ల దుకాణం. బిల్డింగు మధ్యలో పైపులు దిగడానికి వదిలిన ఇరుకైన ఖాళీ ఒకటి ఉంది. దాన్ని అందరూ డక్టు అంటారు. ప్రతి ఇంటి బాత్రూము కిటికీ, వంటింటి ఫ్యాను అందులోకే తెరుచుకుంటాయి. కింద సెల్లారులో, ఆ డక్టు అడుగున నిలబడి అరిస్తే ఇరవై ఇళ్లకూ ఒకేసారి వినబడుతుందని కనిపెట్టింది ఇందిరమ్మే.

ఆమె మా వాచ్‌మన్. వాచ్‌వుమన్ అనాలని నేనొకసారి అంటే, "ఏదైతేంది బిడ్డా, గేటు అదే గద," అంది.

పొద్దున ఏడింటికి స్టీలు పళ్లెం మీద గరిటెతో మూడు దెబ్బలు వేసి మొదలుపెడుతుంది.

"ఇనుండ్రి, ఇనుండ్రి, ఇనుండ్రీ! ట్యాంకర్ రాలేదు! సగం ట్యాంకే నీళ్లున్నయి! తలస్నానాలు రేపు చేసుకోండ్రి! చెప్పుమన్నది ఐదొందల ఒకటి సారు!"

అప్పటికే తలకు షాంపూ రాసుకుని కళ్లు మూసుకున్నవాళ్ల గతి ఏమిటో నాకు బాగా తెలుసు. అలా మూడుసార్లు నిలబడిపోయాను.

పైన విమానం వెళ్తుంటే ఆమె మాట మధ్యలోనే ఆగుతుంది. ఆ మాటకొస్తే మా అపార్టుమెంటులో అందరమూ అంతే. విమానం పోయేదాకా నోరు మూసుకుని, ఆపిన మాట దగ్గరి నుంచే అందుకుంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం వాళ్ల మీద కోపం వచ్చిందేమోనని కంగారు పడతారు.

ఇందిరమ్మ తండ్రి మత్తయ్య హిమాయత్ సాగర్ దగ్గరి ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడట. ఆ పని చేస్తారా అని వాళ్ల ఇంటిని ఎవరూ అడగలేదు. తాత చేశాడు కాబట్టి ఆయనా చేయాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఇందిరమ్మ ఆయన వెంట వాడలన్నీ తిరిగింది. తర్వాత ఆయన డప్పు దించి చర్చిలో పాటలు పాడేవాడు. డప్పంటే ఆమెకు ఇష్టం లేదు, ఎవరి ఇంట్లో పెళ్లయినా ముట్టుకోదు. కానీ చాటింపు పద్ధతి మాత్రం ఆమెకు బైబిల్ తర్వాత అంతటిది. చెప్పమన్నది ఎవరో చెప్పాలి. విన్నవాళ్లందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పమన్నదాన్ని దాచకూడదు.

ఈ పద్ధతి వల్లే మా అసోసియేషన్ ప్రెసిడెంటు శివశంకర్ గారితో ఆమెకు చెడింది.

శివశంకర్ గారిది రాజమండ్రి వైపు. రిటైరై ఇక్కడ స్థిరపడ్డారు. ఐదొందల ఒకటిలో ఉంటారు. పద్ధతిగా మాట్లాడతారు, పద్ధతిగా కారు తుడుస్తారు. ఒకరోజు పై నుంచి ఎవరో విసిరిన చింతపండు పిప్పి ఆయన కారు అద్దం మీద పడింది. ఆయన నేరుగా ఇందిరమ్మ దగ్గరికి వచ్చారు.

"ఇందిరమ్మా, పై నుంచి చెత్త వేయడం సంస్కారం కాదని అందరికీ చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు. అనవసరంగా మనస్పర్థలు వస్తాయి."

"మంచిది సారు."

ఐదు నిమిషాల్లో పళ్లెం మోగింది.

"ఇనుండ్రి, ఇనుండ్రీ! పైనుంచి చెత్త ఎయ్యొద్దు! ఎవలో కారు మీద చింతపండు పిప్పి ఏసిన్రు! చెప్పుమన్నది ఎవలో చెప్పొద్దన్నరు ఐదొందల ఒకటి సారు!"

డక్టు నిండా నవ్వులు. పైపుల్లో నీళ్లు దిగినట్టు ఒక్కో అంతస్తు నుంచి దిగాయి. నేను తలుపు వేసుకుని దిండులో ముఖం పెట్టుకుని నవ్వాను. శివశంకర్ గారు మూడు రోజులు లిఫ్టు ఎక్కలేదు, ఎవరూ ఎదురు పడకుండా మెట్ల మీదే తిరిగారు.

నాలుగో రోజు నాలుగొందల రెండులో ఉండే నరేందర్ ఆయనకు పరిష్కారం చూపించాడు. నరేందర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్లి కాలేదు. ఇంట్లో కూర్చునే పని చేస్తాడు కాబట్టి చాటింపులు అతని మీటింగుల్లోకి కూడా వెళ్తుంటాయి. ఒకసారి అమెరికా వాళ్లతో మాట్లాడుతుంటే, మోటారు కాలిపోయిందన్న వార్త వాళ్లకూ తెలిసిందట.

"సార్, ఒక సెక్యూరిటీ ఏజెన్సీ ఉంది. యూనిఫాం గార్డులు వస్తరు. గేటుకు ఒక యాప్ పెడదాం. ఎవరొచ్చినా ఫోన్‌కు మెసేజ్. ఇగ అరిచేది లేదు."

"ఆమె ఉండే గది?"

"గార్డులకు కావాలె కద సార్."

ఆ గదే అసలు సంగతి. సెల్లారు మూలన ఒక కిటికీ ఉన్న గది. అందులో ఇందిరమ్మ, ఆమె కూతురు షెకీనా ఉంటారు. షెకీనా విమానాశ్రయంలో లాంజి శుభ్రం చేసే పనిలో ఉంది. షిఫ్టు ఏ వేళకైనా మారుతుంది. కంపెనీ క్యాబు మా గేటు ముందే ఆగుతుంది. ఇక్కడి నుంచి పోతే వాళ్లు గగన్‌పహాడ్‌లో ఆటో నడిపే ఇందిరమ్మ తమ్ముడు డానీ ఇంటికి పోవాలి. అక్కడ రెండు గదుల్లో ఇప్పటికే ఐదుగురు. ఫ్యాక్టరీల మధ్య ఆ గల్లీలోకి క్యాబు రాదు. క్యాబు రాకపోతే షెకీనా ఉద్యోగం మాన్పించడం తప్ప దారి లేదని ఇందిరమ్మ మా అమ్మతో ఒకసారి అంది. అన్నప్పుడు కూడా నవ్వుతూనే అంది.

ఏజెన్సీని పెట్టాలంటే అసోసియేషన్ మీటింగులో ఓటు జరగాలి. మీటింగుకు ఎవరూ రారు. వాట్సాప్ గ్రూపును అందరూ మ్యూట్‌లో పెట్టుకున్నారు. కాబట్టి ఇందిరమ్మను తీసేసే మీటింగుకు పిలవడానికి కూడా శివశంకర్ గారికి ఇందిరమ్మే దిక్కయింది. శుక్రవారం ఆయన ఒక కాగితం రాసి ఆమె చేతికిచ్చారు. ఇస్తూ ఆమె ముఖం వైపు చూడలేదు.

ఆమె ఆ కాగితం పట్టుకుని లిఫ్టు దగ్గర నన్ను ఆపింది. మేము మూడొందల నాలుగులో కిరాయికి ఉంటాం. నేను తెలుగులో ఎమ్మే చేస్తున్నానన్న సంగతి ఆమెకు తెలుసు.

"బిడ్డా, నువ్వు తెలుగుల పెద్ద సదువు సదువుతున్నవ్ గద. గీ 'భద్రతా వ్యవస్థ ఆధునీకరణ' అంటే ఏంది?"

నేను బ్యాగు పట్టీ సర్దుకున్నాను. "కొత్త పద్ధతి పెట్టడం అత్తమ్మా."

"మరి పాతది ఏమైతది?"

కాగితంలో ఉన్న అక్షరాలనే మళ్లీ చదివినట్టు నటించాను.

"పాతదంటే నేనే గద," అంది ఆమె. "నువ్వు పరేషాన్ గాకు. గీ కిందిది సదువు."

కింద చిన్న అక్షరాలతో ఉంది: 'గమనిక: రిజిస్టర్డ్ యజమానులు స్వయంగా హాజరై ఓటు వేయవలెను. అద్దెదారులకు, ఇతరులకు ఓటు లేదు.' అది మాలాంటి కిరాయివాళ్ల కోసం రాసింది. ఉన్న ఇరవై ఫ్లాట్లలో ఏడింట్లో ఉండేది మేమే; వాటి యజమానులు వేరే ఊళ్లలో ఉంటారు, మీటింగులకు రారు. మేమంతా ఇందిరమ్మ పక్షమని ఆయనకు తెలుసు.

"ఇల్లు ఎవరి పేరు మీద రిజిస్టరయి ఉందో వాళ్లే వచ్చి ఓటు వేయాలట. మాకు లేదు," అన్నాను.

అప్పుడే విమానం వచ్చింది. ఇద్దరమూ ఆగాం. విమానం పోయాక ఆమె నా వైపు తిరగలేదు. గోడవైపు చూస్తూ పెదవులు కదుపుతోంది, వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తోంది. పోయిన నెల ఇంటి పన్ను రసీదులు వస్తే, పేర్లు చూసి ఇంటింటికీ పంచింది ఆమె.

"మంచిగ రాసిండు సారు," అని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

మరో పది నిమిషాలకు పళ్లెం మోగింది.

"ఇనుండ్రి, ఇనుండ్రి, ఇనుండ్రీ! ఆయితారం పొద్దుగాల పదింటికి సెల్లార్ల మీటింగ్! ఇందిరమ్మను తీసేసి కొత్తోళ్లను పెట్టుడా, ఇందిరమ్మను ఉంచుడా, గదే ముచ్చట! ఇల్లు ఎవలి పేరు మీద ఉంటే వాళ్లే రావాలె! వాళ్లే చెయ్యెత్తాలె! మొగడొస్తే చెల్లది! చెప్పుమన్నది ఐదొందల ఒకటి సారు!"

ఇలా మూడుసార్లు చెప్పింది. మూడోసారి 'మొగడొస్తే చెల్లది' అన్నచోట గొంతు కొంచెం సాగింది. శివశంకర్ గారు మెట్లు దిగి వచ్చారు.

"మొగుడు అని నేనెక్కడ రాశానమ్మా?"

"ఇతరులు అని రాసిన్రు సారు. ఇతరులంటే ఎవలు అని జనం అడుగుతరు గద. ఇన్నోళ్లకు సమజ్ గావాలె."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బిల్డింగులో ఫ్లాట్లు అమ్మినప్పుడు, లోను ఆడవాళ్ల పేరు మీద తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గుతుందని ఎవరో ఏజెంటు చెప్పాడట. అందుకని యజమానులుండే పదమూడు ఫ్లాట్లలో పది ఫ్లాట్లు భార్యల పేరు మీదే రిజిస్టరయ్యాయి. నూటమూడులో ఒంటరిగా ఉండే సక్కుబాయి ఇల్లు ఎటూ ఆమెదే. మొత్తం పదకొండు. మగవాళ్ల పేరు మీద ఉన్నవి రెండు. ఒకటి నరేందర్‌ది, రెండోది బెంగళూరులో పనిచేసే ఒకాయనది. సంతకాలు పెట్టి ఇంటికొచ్చాక ఈ విషయం అందరూ మరిచిపోయారు. ప్రెసిడెంటు గారు కూడా.

నరేందర్ కాస్త భయపడి ప్రెసిడెంటు గారికి ఫోను చేశాడు. "సార్, ఆ గమనిక తీసేద్దామా?"

"తీసేస్తే అద్దెవాళ్లందరూ దిగిపోతారయ్యా. అయినా మా ఆవిడ నేను చెప్పినట్టే చెయ్యి ఎత్తుతుంది. మిగతావాళ్లూ అంతే," అన్నారు శివశంకర్ గారు. ఈ మాటలు ఆయన తన బాత్రూములో నిలబడి అన్నారు. కాబట్టి నేను విన్నాను. ఇంకెంతమంది విన్నారో నేను చెప్పలేను.

ఆదివారం పదింటికి సెల్లారు నిండిపోయింది. పండుగలకు కూడా అంత జనాన్ని చూడలేదు. భర్తలు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చారు, భార్యలు కూర్చున్నారు. ఓటు లేని మేము కార్ల వెనక నిలబడ్డాం. ఇందిరమ్మ గేటు దగ్గర స్టూలు మీద, తనకేమీ పట్టనట్టు, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చుంది. వాటిలో సగం ఈనెలు తీసినవే మళ్లీ తీస్తోందని నాకు తర్వాత అర్థమైంది.

నరేందర్ ప్రొజెక్టరుతో గోడ మీద యాప్ బొమ్మ వేసి చూపించాడు. అంతా శ్రద్ధగానే విన్నారు. ఒకరిద్దరు బాగుందని కూడా అన్నారు.

"పొద్దున్నే అరుపులు తప్పుతయి, అదొక్కటి మంచిదే," అంది మూడొందల రెండులోని జంగమ్మ. ఆమె అలా అనగానే గేటు దగ్గర చిక్కుడుకాయ విరిగిన చప్పుడు ఆగిపోయింది.

సక్కుబాయి కళ్లద్దాలు తుడుచుకుని అడిగింది. "నాయనా, ఆ ఫోన్ల గంట ఎవలికి కొడుతది?"

"ఇంటి యజమానికి ఆంటీ. అందరి నంబర్లు ఎక్కించిన."

"ఏదీ, ఐదొందల ఒకటిది కొట్టి చూపియ్యి."

నరేందర్ ఉత్సాహంగా నొక్కాడు. శివశంకర్ గారి జేబులో ఫోను మోగింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివారు. "'మీ ఫ్లాట్‌కు పార్సెల్ వచ్చింది. చీరల దుకాణం నుంచి. అనుమతిస్తారా?' ఓహో! చూశారా అండీ? ఇకమీదట నాకు తెలియకుండా ఈ గేటు దాటి ఈగ కూడా లోపలికి రాదు."

నరేందర్ ఉదాహరణకు 'చీరల దుకాణం' అని ఎందుకు రాశాడో అతనికే తెలియాలి. పుస్తకాల దుకాణమో, మందుల దుకాణమో రాసి ఉంటే కథ మరోలా ఉండేది. పదకొండు కుర్చీల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. పైన విమానం కూడా లేదు.

ఆ నిశ్శబ్దం సంగతి మగవాళ్లకు తెలియదు. ఇందిరమ్మ గదిలో మంచం కింద ఒక చెక్కపలక ఉంటుంది. ఆన్‌లైన్లో వచ్చిన చీరలు, జాకెట్ గుడ్డలు, గిన్నెలు, 'ఇంక కొనను' అని ఒట్టు పెట్టాక కొన్నవి అన్నీ ఆ పలక మీద ఆగుతాయి. ఇంటాయన స్నానానికో, ఆఫీసుకో, పాలకో వెళ్లాక ఒక్కొక్కటే పైకి వెళ్తాయి. ఎవరిది ఎప్పుడు పంపాలో ఇందిరమ్మకు కంఠతా వచ్చు. ఎందుకంటే డక్టు అడుగున నిలబడితే పైవాళ్ల మాటలు కూడా కిందికి వినబడతాయి. ఎవరి నీళ్లు పడుతున్నాయో కూడా తెలుస్తుంది. చాటమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఈ విషయం ఆమె ఎన్నడూ చాటలేదు. నా పుస్తకాలు కూడా అక్కడే ఆగుతాయి. మా ఇంట్లో కొత్త బీరువా కొనేదాకా కొత్త పుస్తకం రాకూడదని అమ్మ ఆజ్ఞ. బీరువా కొని ఏడాదయింది, అదీ నిండింది.

భాగ్యలక్ష్మి గారు, అంటే ప్రెసిడెంటు గారి భార్య, ముందుగా లేచారు. ఆమె ఎప్పుడూ మీటింగులో మాట్లాడలేదు.

"నాకెందుకో ఇది భద్రత అనిపించడం లేదండీ. ఫోనుకు మనిషి మంచి చెడ్డా తెలుస్తాయా? ఇందిరమ్మ ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు."

శివశంకర్ గారు నోరు తెరిచారు.

"పిల్లల సంగతి గూడ చూడాలె," అంది జంగమ్మ, ఇందాకటి మాట మింగేసి. "యూనిఫాం చూస్తే మా బుడ్డోడు జడుసుకుంటడు."

"పొద్దున అరిస్తేనే నాకు మెలకువ వస్తది. అలారం పెట్టుకోను నేను," అంది ఇంకొకామె.

"అంత దూరం నుంచి వచ్చే గార్డులకు మన ఏరియా ఏం తెలుస్తుంది?"

"మానవత్వం అని ఒకటుంటది," అంది సక్కుబాయి, అన్నిటికీ ముగింపుగా. ఆమెకు మొగుడు లేడు, దాచాల్సిన పార్సెలూ లేదు. ఆమెకు కావలసింది మిగతావాళ్ల ముఖాలు చూడటం. చూస్తూ పక్కకు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఏంది సార్ ఇది, నిన్నటిదాక మా ఇంట్ల ఆమె అరుపుకు తలుపులేసుకునేది!" అన్నాడు జంగమ్మ భర్త.

"నువ్వు ఇతరులల్ల ఉన్నవ్. నీకు మాట లేదు," అంది జంగమ్మ. "నీ పేరు మీద స్కూటర్ ఉన్నది. దాని మీటింగ్ పెడితే మాట్లాడు."

కార్ల వెనక మా కిరాయివాళ్లం ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వాం. చేతులు ఎత్తమన్నారు. ఇందిరమ్మను ఉంచాలన్న చేతులు పదకొండు, గాజులన్నీ ఒక్కసారే గలగలమన్నాయి. బెంగళూరు ఆయన రాలేదు. తీసేయాలన్న చెయ్యి ఒక్కటే లేచింది. నరేందర్ చుట్టూ చూశాడు. అదే చేత్తో తల గోక్కుని దించేశాడు.

"భాగ్యం, నువ్వు కూడానా?" అన్నారు శివశంకర్ గారు మెల్లగా.

"మీరే కదండీ రాశారు, యజమానులు స్వయంగా ఓటేయాలని. ఏదీ ఆ కాగితం ఇటివ్వండి, సంతకం పెడతాను." ఆమె కలం కోసం చెయ్యి చాపారు. ఆయన తన జేబులోంచి కలం తీసి, మూత కూడా తనే తీసి ఇచ్చారు.

సాయంత్రం నా పుస్తకం కోసం కిందికి వెళ్లాను. గది తలుపు తీసే ఉంది. లోపలికి తొంగి చూసి ఆగిపోయాను. పొయ్యి లేదు, గిన్నెలు లేవు, గోడకు వేలాడే షెకీనా యూనిఫాం లేదు, ట్రంకు పెట్టె లేదు. మంచం నిలబెట్టి ఉంది. నేల మీద చెక్కపలక మాత్రం మిగిలింది. దాని మీద పార్సెళ్లు ఫ్లాట్ల వరుసలో పేర్చి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో నంబరు రాసి ఉంది.

"నిన్ననే సామాను గగన్‌పహాడ్ పంపిన," అంది ఇందిరమ్మ వెనక నుంచి. "డానీ ఆటోల రెండు ట్రిప్పులు. షెకీనా కూడ ఆడనే ఉన్నది."

"ముందే ఎందుకు పంపావు? అంతా ఆడవాళ్ల పేరు మీదే ఉన్నాయని నీకు తెలుసు కదా?"

"పేర్లు తెలుసు బిడ్డా. చేతులు తెల్వదు గద." ఆమె నా పుస్తకం పొట్లం తీసి, దాని మీద సుద్ద తుడిచి నా చేతికిచ్చింది. "వాళ్ల మొగళ్లు కూసోబెట్టి చెప్తరు, ఊకుంటరు అనుకున్న. గీ పార్సెళ్లు ఎవలివి వాళ్లకు ముట్టజెప్పి పోదామనుకున్న. కొత్తోళ్లకు ఇస్తే ఏ ఇంట్ల ఏం లొల్లైతదో."

నేను ఆ నిలబెట్టిన మంచాన్ని పట్టుకుని దించబోయాను. ఆమె రెండోవైపు పట్టుకుంది. ఇద్దరం కలిసి వేశాం. దాని మీద కూర్చుని ఆమె ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"ఒరేయ్ డానీ, సామాను తిరిగి తేవాలెరా. అన్ని. అవ్, పొయ్యి గూడ. నవ్వకు. రేపు పొద్దుగాల రా, షెకీనాకు పదకొండింటికి క్యాబ్ ఒస్తది. ఇక్కడ్నే ఎక్కుతది, ఇక్కడ్నే అని చెప్పు దానికి."

ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది, సెల్లారులో ఉక్కగా ఉందని నాతో అంది.

పొయ్యి లేదని పై ఇళ్లకు ఎలా తెలిసిందో, ఆ సాయంత్రం లిఫ్టు ఆగకుండా దిగింది. ఒక్కో అంతస్తు నుంచి ఒక్కో గిన్నె. పప్పు, బగారా అన్నం, సక్కుబాయి పంపిన జొన్నరొట్టెలు, భాగ్యలక్ష్మి గారి గోంగూర. నరేందర్ తను ఆర్డరిచ్చిన బిర్యానీలో సగం తెచ్చి, ఏమీ అనకుండా గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇందిరమ్మ అన్నీ కొంచెం కొంచెం రుచి చూసి, నాకు కూడా ఒక పళ్లెంలో పెట్టి, మా అమ్మ పంపిన సాంబారు దగ్గర ఆగింది.

"ఉప్పు మర్చిపోయింది మీ అమ్మ."

"చెప్పనా?"

"నేను చెప్పుమన్ననా?" అని రొట్టె ముక్క అందులోనే ముంచుకుంది.